అలిగిన దోసె మాస్టర్‌కు నేనిచ్చిన సంజాయిషీ నోటీసు

తొంభైల చివర్లో, తమిళుల పెరటాసి నెలలో ఒక శనివారం, తిరుపతి బస్టాండు పక్క వీధిలో దోసె అడిగి, ఉప్మా తిని కొండెక్కిన భక్తులెవరైనా ఇది చదువుతూ ఉంటే ముందుగా వాళ్లకు నా దండం. ఆ పాపంలో మా మామకు వాటా లేదు, వంటింటికీ వాటా లేదు. మొత్తం నాదే. నిక్షేపంగా నడిచే టిఫిన్ హోటలును మూలన కూర్చోబెట్టడానికి పెద్ద శత్రువులెవరూ అక్కర్లేదనీ, ఒక టైపు మిషనూ దాని వెనక కార్మిక చట్టాలు సగం చదివిన మేనల్లుడూ ఉంటే చాలనీ ఇరవై మూడేళ్ల వయసులో నేను నిరూపించాను. ఎలాగో చెబుతాను. మీరు నవ్వినా నాకేమీ అభ్యంతరం లేదు. మా చుట్టాలు ఇన్నేళ్లుగా ఆ పనే చేస్తున్నారు.

సగం చదివిన అన్నది వినయం కొద్దీ అన్న మాట కాదు. బీకాం అయ్యాక దూరవిద్యలో కార్మిక చట్టాల డిప్లొమా కట్టాను. దేశంలోని ఆ చట్టాలన్నీ కలిపి చూస్తే రెండు రకాల సంగతులుంటాయి. పనిచేసేవాడికి యజమాని ఏమేమి ఇవ్వాలి అన్నది మొదటిది. నియామక పత్రం, పని గంటలు, వారానికొక సెలవు, జీతంతో సెలవులు, ఇలా అది చాంతాడంత ఉంటుంది. పనిచేసేవాడు తప్పు చేస్తే వాణ్ణి ఏం చేయాలి అన్నది రెండోది. సంజాయిషీ, అభియోగం, విచారణ, తొలగింపు, అంతే. చిన్నదిగా ఉంది, పలకడానికి కూడా గంభీరంగా ఉంది. మొదటిదాన్ని చాయిస్‌లో వదిలేసి రెండోదాన్ని బట్టీ కొట్టాను. ఫస్ట్ క్లాసు వచ్చింది. మన పరీక్షలను నేను ఎప్పుడూ తప్పుపట్టలేదు.

ఉద్యోగం దొరికేలోగా ఖాళీగా ఎందుకని మా మామ, అంటే మా అమ్మకు అన్న గురవయ్య, నన్ను తన హోటల్లో లెక్కలు చూడమన్నాడు. వడమాలపేట నుంచి వచ్చి ఒక పెనం, నాలుగు బల్లలతో మొదలుపెట్టిన మనిషి. హోటలుకు పేరు మామది గానీ జనం వచ్చేది ఆర్ముగం మాస్టర్ దోసె కోసం. ఆయన వేసే ఎర్రకారం దోసె, పక్కన నంజుకునే చెనిక్కాయల ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి కోసం చిత్తూరు నుంచి వచ్చే లాయర్లు కూడా బస్సు దిగి నేరుగా మా దగ్గరికే వచ్చేవాళ్లు. పదకొండేళ్లుగా ఆ పెనం ముందు ఆయన తప్ప ఇంకొకరు నిలబడలేదు. అయినా మాస్టర్‌కూ మామకూ మధ్య ఒక్క కాగితం ముక్క కూడా లేదు.

కాగితం లేదు గానీ ఒక పద్ధతి ఉండేది. ఏడాదికి రెండు సార్లు మాస్టర్ అలిగేవాడు. కారణం ఏదైనా కావచ్చు. పిండి పులిసిందని ఎవరో అన్నారనో, కొత్త అట్లకాడ తెప్పించలేదనో. ఎవరితోనూ మాట్లాడకుండా పెనం కడిగి బోర్లించి, తువ్వాలు భుజాన వేసుకుని పూతలపట్టు దగ్గరున్న వాళ్ల పల్లెకు వెళ్లిపోయేవాడు. మామ రెండు రోజులు ఉప్మాతో, ఇడ్లీతో నెట్టుకొచ్చేవాడు. మూడో రోజు పొద్దున్నే తమలపాకులు, అరటిపళ్లు సంచిలో వేసుకుని చిత్తూరు బస్సెక్కేవాడు. మాస్టర్ ఇంటి ముందున్న తిన్నె మీద కూర్చుని వానల గురించీ చెనిక్కాయ పైరు గురించీ మాట్లాడేవాడే తప్ప జరిగిన గొడవ మాట ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు. రెండో కాఫీ అయ్యాక మాస్టర్ లేచి చొక్కా వేసుకునేవాడు. మర్నాడు మళ్లీ పెనం మీద చుయ్‌మని చప్పుడు.

ఇదంతా నేను చిన్నప్పటి నుంచీ చూస్తున్నదే. కానీ డిప్లొమా చేతికొచ్చాక చూస్తే అనాగరికంగా కనపడింది.

ఆ యేడు పెరటాసికి ముందు మామకు కంటిలో శుక్లం తీశారు. పది రోజులు పొగ దగ్గరికి పోకూడదు, బస్సు ఎక్కకూడదు అన్నాడు డాక్టరు. హోటలు నా చేతికొచ్చింది. పెరటాసి శనివారాలంటే తమిళ దేశం నుంచి వచ్చే జనంతో ఊరు కిక్కిరిసిపోతుంది, ఏడాది మొత్తం మీద హోటలు నిలబడేది ఆ నెల మీదే. జాగ్రత్తగా చూసుకోమని మామ కంటికి పచ్చ గుడ్డ కట్టుకుని మరీ చెప్పాడు. నేను చూసుకున్న మొదటి జాగ్రత్త ఏమిటంటే, పనివాళ్లందరికీ నియామక పత్రాలు టైపు చేయడం. చట్టం ఇవ్వమంది. నిజంగానే ఇవ్వమంది, ఆ మాటలో తప్పులేదు. తప్పంతా నేను నింపిన గళ్లలో ఉంది.

ఉద్యోగి తరగతి అని ఒక గడి. పనితనం పూర్తిగా ఉన్నవాళ్లు, సగం ఉన్నవాళ్లు, లేనివాళ్లు అని మూడు తరగతులు ఉంటాయని గుర్తుంది. ఎవరు దేనిలోకి వస్తారో గుర్తు లేదు, ఎందుకంటే అది చాయిస్‌లో వదిలేసిన భాగం. పుస్తకం తెరిచి చూడడం నామోషీ అనిపించి నేనే నిర్ణయించాను. మాస్టర్‌ను నడిమి తరగతిలో వేశాను. ఆ చేత్తోనే నన్ను మొదటి తరగతిలో వేసుకున్నాను.

సోమవారం పొద్దున రద్దీ తగ్గాక పత్రాలు పంచాను. మాస్టర్ చేతులు కడుక్కుని, తుడుచుకుని, కాగితాన్ని రెండు చేతులతో తీసుకుని కళ్లకు అద్దుకున్నాడు. ఆ హోటల్లో ఆయన పేరు అచ్చులో చూసుకోవడం అదే మొదలు. కూడబలుక్కుంటూ చదివాడు. వేలు ఒక చోట ఆగింది.

"అబ్బయ్యా, ఈడ అర్ధ నిపుణుడు అని కొట్టుండావే. అర్ధ అంటే సగమే గదా?"

"అవును మాస్టర్. మూడు తరగతులు ఉండాయి. మీరు నడిమి దాంట్లోకి వస్తారు."

"అంటే నాకు సగం పనే తెలుసునంటావు."

"నేను అనడంలేదు మాస్టర్, చట్టం అంటుంది."

ఆయన, మరి నీ కాగితంలో ఏముండాదని అడిగాడు. పూర్తి నిపుణుడు అని చెప్పాను. అబద్ధం చెప్పే అలవాటు లేకపోవడం కూడా ఒక్కోసారి మనిషిని ముంచుతుంది. మాస్టర్ నా వేళ్ల వంక చూశాడు. టైపు కొట్టడం తప్ప ఇంకే పనీ ఎరగని వేళ్లు. ఆ పూటకు అన్ని దోసెలూ వేశాడు, పెనం కడిగి బోర్లించాడు, నియామక పత్రాన్ని నాలుగు మడతలు పెట్టి గల్లాపెట్టె మీద ఉంచి వెళ్లిపోయాడు.

ఇక్కడ బుద్ధున్నవాడెవడైనా పరుగెత్తి మామకు చెబుతాడు. నాకు కలిగింది దిగులు కాదు, సంతోషం. చదివిన చదువుకు ఒక నిజమైన కేసు దొరికింది. సెలవు చీటీ లేదు, ముందస్తు సమాచారం లేదు, అనుమతి లేని గైర్హాజరు. మంగళవారం ఒక రోజు ఆగి, బుధవారం పొద్దున్నే మిషను ముందు కూర్చున్నాను. 'తమరు విధులకు హాజరు కాకపోవుటకు కారణములను ఈ నోటీసు అందిన మూడు దినములలోగా లిఖితపూర్వకముగా తెలుపవలెను. లేనిచో తమరిని ఉద్యోగము నుండి ఏల తొలగించరాదో...' అబ్బ, ఆ వాక్యం కొట్టేటప్పుడు నా ఒళ్లు పులకరించింది. ఒక కాపీ రిజిస్టర్ పోస్టులో మాస్టర్‌కు. ఒక కాపీ హోటలు గోడకు, ఊరిబిండి జాడీ పైన. ఇంకొకటి మిగిలితే, పద్ధతిగా ఉంటుందని, లేబర్ ఆఫీసుకు పంపాను. ఎవరూ అడగలేదు. నా అంతట నేనే, స్టాంపు అంటించి మరీ పంపాను.

మామకు మాత్రం అంతా బాగుంది అని చెబుతూ వచ్చాను. కంటికి ఒత్తిడి తగలకూడదని.

శుక్రవారం దాకా ఉప్మా, ఇడ్లీలతోనే నెట్టుకొచ్చాను. శనివారం వచ్చింది. తెల్లవారే సరికి పసుపు బట్టలు కట్టుకున్న జనం వీధి మొదటి దాకా నిలబడ్డారు. ఇడ్లీ మాస్టర్‌ను పెనం ముందు నిలబెడదామంటే, ఆర్ముగం మాస్టర్ పెనాన్ని తాను ముట్టనని చేతులు కట్టుకున్నాడు. చేసేది లేక తువ్వాలు నేనే నడుముకు చుట్టాను. మొదటి దోసె పెనాన్ని వదల్లేదు. రెండోది వదిలింది గానీ ముక్కలుగా వదిలింది. మూడోది గుండ్రంగా వచ్చింది, సంతోషపడి తిప్పుదామని చూస్తే అడుగు బొగ్గు, పైన పిండి. వేలూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన దాన్ని ఆకులో అటూ ఇటూ తిప్పి చూసి, ఉప్మా ఉందా తంబీ అని జాలిగా అడిగాడు. ఆ తర్వాత ఆ వరసలో అందరూ అదే అడిగారు. పది గంటలకల్లా ఇడ్లీ, ఉప్మా కూడా అయిపోయాయి. పెరటాసి మొదటి శనివారం, ఊరంతా జనం, మా హోటల్లో బల్లలు ఖాళీ. నా రెండు చేతుల మీదా కాలిన బొబ్బలు.

అప్పుడు వచ్చింది చెంగమ్మక్క, మాస్టర్ భార్య. చేతిలో నా కవరు. లోపలికి రాకుండా గడప దగ్గరే నిలబడింది. వాళ్ల పల్లెకు రిజిస్టర్ పోస్టు వస్తే కోర్టు నుంచి రావాలి, లేదంటే జప్తుకు రావాలి. పోస్టుమాన్ సంతకం అడిగినప్పటి నుంచి ఆమె అత్త, అంటే మాస్టర్ వాళ్లమ్మ, ఏడుస్తూనే ఉందట. బడి అయ్యవారి చేత చదివించుకున్నారట.

"ఏం శేఖరా, మా ఇంటాయన్ని పనిలోనించి తీసేస్తాండావంట?"

"నేను తీసెయ్యలేదక్కా. చెప్పకుండా పని మానేసి పోతే అట్ల అడగాల్సిందే."

"మానేసినాడని నీకెవురు సెప్పినారు? ఆయన అలిగినాడు. మానేది వేరు, అలిగేది వేరు. ఆ మాత్రం తెలీదా నీకు?" ఆమె కవరును నా ముందుకు చాపింది. "బుధవారం నించి పొద్దన్నే నీళ్లు పోసుకోని, ఉతికిన సొక్కా ఏసుకోని తిన్నె మీద కూర్సోనుండాడు. తిరపతి బస్సు సప్పుడైతే సాలు, రోడ్డు తట్టు సూస్తాడు. నీ మామ వస్తాడని. వచ్చింది నీ కవరు."

ఆ క్షణాన నాకు నిజంగా సిగ్గేసింది. కానీ ఆ సిగ్గును మాటల్లో పెట్టేలోగా, మూల బల్ల దగ్గర అప్పుడే వచ్చి కూర్చున్న ఒకాయన చెయ్యెత్తి పిలిచాడు. టిఫినుకు వచ్చినవాడే అనుకుని ఉప్మా అయిపోయిందని చెప్పాను. ఆయన జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. నేను పంపిన కాపీయే. వచ్చింది లేబర్ ఆఫీసరు.

నోటీసు భాష బాగుందని మెచ్చుకున్నాడు. నేను ఇంత పొడుగు లేచాను. తర్వాత మెల్లిగా, పని గంటల రిజిస్టరు చూపించమన్నాడు. లేదు. సెలవుల రిజిస్టరు. అదీ లేదు. దోసె మాస్టర్లు నిపుణుల కిందికి వస్తారు కదా, ఈ సగం సంగతి ఎక్కడ చదివారు అని అడిగాడు. చాయిస్‌లో వదిలేశానని చెప్పలేక గోడ వంక చూశాను. గోడ మీద నా నోటీసే కనపడింది.

"సరే, అవన్నీ తర్వాత. ఈయనకు వారపు సెలవు ఏ రోజు ఇస్తున్నారు?" అన్నాడు ఆఫీసరు.

నేను నోరు తెరిచేలోగా గడప దగ్గరి నుంచి చెంగమ్మక్క చెప్పింది. "అలిగి ఇంటికొచ్చినప్పుడే సార్, ఆయనకు సెలవు."

ఆఫీసరు నవ్వబోయి ఆగిపోయాడు. పదకొండేళ్లలో ఆ మనిషి ఇంట్లో కూర్చున్న రోజులన్నీ అలిగిన రోజులే. చట్టం వారానికొక రోజు ఊరికే ఇమ్మంటే, ఆయన ఏడాదికి రెండు సార్లు గొడవపడి తీసుకుంటున్నాడు. అది కూడా దక్కకుండా నేను నోటీసు పంపాను. ఆఫీసరు ఒక నెల గడువిచ్చి, రిజిస్టర్లన్నీ రాసి ఉంచమని, ముందు వెళ్లి ఆ మనిషిని పిలుచుకు రమ్మని చెప్పి, మంచినీళ్లు మాత్రం తాగి వెళ్లాడు.

మామకు చెప్పక తప్పలేదు. పచ్చ గుడ్డ పైకెత్తి ఒంటి కంటితో నన్ను చాలాసేపు చూశాడు. తాను బస్సు ఎక్కకూడదు గనక నన్నే పొమ్మని, పాఠం చెప్పాడు. పని మాట ఎత్తొద్దు. నోటీసు మాట అసలే ఎత్తొద్దు. వాన సంగతి, ఆవు సంగతి, ముసలామె సంగతి అడుగు. రెండో కాఫీ వచ్చేదాకా గమ్మున కూర్చో.

ఆదివారం పొద్దున తమలపాకులు, అరటిపళ్లు పట్టుకుని పూతలపట్టులో బస్సు దిగి పల్లెకు నడిచాను. మాస్టర్ తిన్నె మీదే ఉన్నాడు. ఉతికిన చొక్కాతోనే ఉన్నాడు. నన్ను చూసి రోడ్డు వైపు చూశాడు, నా వెనకాల ఇంకెవరైనా వస్తున్నారేమోనని. ఎవరూ రాలేదు. తిన్నె అంచున కూర్చున్నాను.

"ఈ తూరి వానలు బాగా పడినట్లుండాయి మాస్టర్."

"యాడ పడినాయి? చెనిక్కాయ చెట్లు ఎండిపోతాండాయి."

ఆవు బాగుండాదా అని అడిగాను. పోయిన నెల అమ్మేశారట. ఇక మిగిలింది ముసలామె. అమ్మ ఎట్లుండాది మాస్టర్ అన్నాను.

"నీ కవరొచ్చిన కాడ్నించి కూడు తిన్లేదు."

మామ నేర్పిన పాఠం అంతటితో అయిపోయింది. మొదటి కాఫీ కూడా ఇంకా రాలేదు. నాకు ఏడుపొచ్చినంత పనైంది. మామ ఎత్తొద్దన్న మాటలన్నీ ఒక్కసారిగా ఎత్తేశాను. తప్పు నాది మాస్టర్, ఆ తరగతి నేనే ఊహించి రాశాను, పుస్తకం చూడలేదు, మీరు అలిగినారని తెలిసి కూడా నా చదువు చూపించుకోవాలని నోటీసు పంపినాను, నిన్న మీ పెనం ముందు నిలబడినాను, ఇవిగో చేతులు అని బొబ్బలు చూపించాను. మాస్టర్ నా చేతులు తిప్పి తిప్పి చూశాడు. చెంగమ్మక్కను పిలిచి వెన్న తెమ్మన్నాడు. వెన్న రాస్తూ అడిగాడు.

"ఆ నోటీసుకు మూడు దినాల్లో బదులు రాయాల్నంట గదా?"

"అక్కర్లేదు మాస్టర్, దాన్ని చింపేస్తాము."

"చింపేదానికి లేదు. సట్టం సట్టమే. కాగితం తియ్, నేను సెప్తా, నువ్వు రాయి."

వెన్న కారే వేళ్లతోనే రాశాను. ఆయన చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం మార్చకుండా: 'అయ్యా, నేను పని మానలేదు. అలిగినాను. అలిగినోడిని మూడో దినం వచ్చి పిలుసుకోని పోయేది మన హోటలు వాడుక. ఈ తూరి మూడో దినం ఎవురూ రాలేదు. కాబట్టి పనికి రానిది నేను కాదు, పిలిసేదానికి రానిది మీరు. దీనికి మీరే బదులు సెప్పాల.' కింద సంతకం పెట్టి, తేదీ వేయమన్నాడు. ఆ తర్వాత నేను ఉద్యోగరీత్యా వందల సంజాయిషీలు చదివాను, పెద్ద పెద్ద లాయర్లు రాసినవి కూడా. ఇంత గట్టి వాదన ఇంకెక్కడా కనపడలేదు.

రెండో కాఫీ వచ్చింది. దాంతో పాటు ఇంకొక కాగితం కూడా రాయించాడు. నువ్వు సదివిన దాంట్లో మాకు పనికొచ్చేది గూడా ఉండాదంటనే, అది గూడా రాయి అన్నాడు. వారానికొక సెలవు, మంగళవారం, జీతంతో. ఆఫీసరు చెప్పిన మాట చెంగమ్మక్క ముందు రోజే ఇంట్లో చేరవేసినట్టుంది. ఆ పొద్దు పెనం కాడ ఎవురు నిలబడతారు మాస్టర్ అని అడిగాను. ఆయన నా చేతుల వైపు చూసి, నేర్పిస్తాలే అన్నాడు. లేచి తువ్వాలు భుజాన వేసుకున్నాడు. మిగిలిన పెరటాసి శనివారాల్లో మా వీధిలో మళ్లీ కారం దోసెల వాసనే.

ప్రతి మంగళవారం నేను దోసెలు వేశాను. మంగళవారం ఉపవాసం ఉండేవాళ్ల సంఖ్య మా వీధిలో ఆ యేడు బాగా పెరిగింది.

కథ ఇక్కడ సుఖంగా ముగియాలి. కానీ మరుసటి వేసవి నాటికి మా మామ ఎందుకో మాటిమాటికీ చిరాకు పడటం మొదలుపెట్టాడు. కన్ను బాగైంది, వ్యాపారం బాగుంది, రిజిస్టర్లన్నీ రాసిపెట్టి ఉన్నాయి. అయినా గల్లాపెట్టె ముందు కూర్చుని వీధిలోకి చూస్తూ ఉండేవాడు. ఒక రోజు నన్ను దగ్గరికి పిలిచి, వంటింటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగాడు.

"ఏరా అల్లుడా, ఆర్ముగం ఇంగ అలగడా?"

"ఎందుకు అలుగుతాడు మామా? వారానికొక సెలవు ఉండాది గదా."

"వాడికుండాది. నాకేదిరా? ఏడాదికి రెండు తూర్లు వాడు అలిగితేనే గదా, నేను ఈ పెట్టె ముందర్నించి లేసి, బస్సులో కిటికీ పక్కన కూర్సోని, ఆ తిన్నె మీద ఒక పూట కాలు సాపుకునేది? ఒక్క పని సెయ్యి. వాడికి ఇంగొక కాగితం ఏదన్నా కొట్టి ఇయ్యి."

ఆ క్షణంలోనే కాలిన పెనం మీద చెయ్యి చాపి, మధ్యలో రెండు వేళ్ల ఎడం మాత్రం ఉంచుకుని, నేను ప్రమాణం చేశాను. ఈ జన్మలో అలిగిన మనిషికి గానీ, అలగబోయే మనిషికి గానీ, ఇంతకు ముందెన్నడో అలిగి ఊరుకున్న మనిషికి గానీ నా చేత్తో కాగితం ఇవ్వను. పిలవాల్సి వస్తే నేనే బస్సెక్కి పోయి పిలుస్తాను. చట్టం ఇవ్వమన్నా సరే, యజమానే బతిమాలినా సరే.